తోటల నిర్మాణ సంస్థకు ఒప్పంద పత్రం: ముసాయిదా నుంచి తొలి సంతకం దాకా

సోమవారం

కొత్తగా ప్రారంభించిన మా తోటల నిర్మాణ సంస్థకు ఒప్పంద పత్రం రాయడం ఈరోజు మొదలుపెట్టాము. మొక్కలు నాటడం, లాన్ వేయడం, నడకదారులు పరచడం, చిన్న గట్లు కట్టడం, డ్రిప్ పైపులు అమర్చడం మేము చేసే పనులు. కొటేషన్ ఫారం ఇప్పటికే ఉంది. అందులో పని పేరు, ధర తప్ప మరేమీ లేవు. మొక్క ఎండిపోతే ఎవరు మార్చాలి, తవ్వుతుండగా పాత పైపు తగిలితే ఎవరు బాగుచేయించాలి, వాన వల్ల పని ఆగితే గడువును ఎలా లెక్కించాలి అన్న ప్రశ్నలకు కొటేషన్ జవాబు చెప్పదు.

ముందుగా భవన నిర్మాణానికి వాడే సాధారణ ఒప్పందాలు కొన్ని చదివాను. వాటిలో చాలా భాగం మాకూ పనికివస్తుంది గానీ, మౌలికమైన తేడా ఒకటి ఉంది. గోడ కట్టి అప్పగించాక మర్నాడు కూడా అది అలాగే ఉంటుంది. తోటను అప్పగించే రోజుకు మొక్కలు ఇంకా వేరూనవు. వేరూనడానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో వాటిని చూసుకునేది చాలాచోట్ల క్లయింటే. అందువల్ల మా పత్రం ఏ పని ఎవరిదో చెప్పి ఊరుకోకూడదు. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఎవరిదో కూడా చెప్పాలి. ప్రతి నిబంధననూ ఈ దృష్టితోనే రాయాలని నిర్ణయించుకున్నాను.

పత్రాన్ని రెండు భాగాలు చేశాము. మొదటిది అన్ని పనులకూ ఒకేలా ఉండే సాధారణ నిబంధనలు. రెండోది ఆ స్థలానికే ప్రత్యేకమైన పని పత్రం. నక్షా, మొక్కల జాబితా, సామగ్రి వివరాలు, చెల్లింపుల పట్టిక దానికి జతగా ఉంటాయి. వీటి మధ్య పొంతన కుదరకపోతే ఏది చెల్లుతుందో మొదటి పేజీలోనే రాశాను: మొదట, పని నడుస్తుండగా ఇద్దరూ సంతకం చేసిన మార్పు పత్రాలు, తరువాత పని పత్రం (మొక్కల జాబితాతో సహా), తరువాత నక్షా, చివరగా సాధారణ నిబంధనలు. నక్షాలో 40 మొక్కలు గీసి, జాబితాలో 36 అని రాసి ఉన్నప్పుడు ఈ వరుస లేకపోతే వాదన ఎటూ తేలదు.

రాసేటప్పుడు ఒక న్యాయ సూత్రాన్ని ఎదురుగా పెట్టుకున్నాను. ఒప్పందంలోని ఒక వాక్యానికి రెండు అర్థాలు వచ్చినప్పుడు, దాన్ని రాసిన పక్షానికి వ్యతిరేకమైన అర్థాన్నే తీసుకోవడం చాలా దేశాల న్యాయస్థానాలలో ఉన్న పద్ధతి. ఈ పత్రం రాసేది మేము కనుక అస్పష్టత వల్ల వచ్చే నష్టమూ మాదే అవుతుంది. బరువైన చట్ట పదాలు పేర్చినంత మాత్రాన పత్రానికి బలం రాదని నాకు గట్టి నమ్మకం. చదివిన ఇద్దరికీ ఒకే అర్థం తోచే వాక్యమే బలమైనది.

బుధవారం

ఈరోజంతా పని పరిధికే సరిపోయింది. నా అంచనా ప్రకారం తోటపనిలో తగవులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

‘లాన్ వేయాలి’ అనే మాటను విడదీసి చూశాము. పాత గడ్డిని, కలుపును తీయడం, ఆ చెత్తను బయటికి తరలించడం, నేలను వదులు చేయడం, పైమట్టి తెచ్చి పరచడం, నీరు నిలవకుండా వాటం పెట్టడం, గడ్డి పలకలు పరచడమో విత్తనం చల్లడమో, వేరూనేవరకు తడపడం, మొదటిసారి కోయడం అన్నీ అందులో ఉన్నాయి. వీటిలో ఏవి ధరలో కలిసి ఉన్నాయో పని పత్రంలో ఒక్కొక్కటిగా రాయాలి. పైమట్టి ఒక్కటే తీసుకున్నా, 100 చదరపు మీటర్ల స్థలంలో 15 సెంటీమీటర్ల మందాన పరచాలంటే 15 ఘనపు మీటర్లు కావాలి. అయితే ఆ 15 సెంటీమీటర్లు మట్టి వదులుగా ఉన్నప్పటి కొలతా, తడిసి కుదురుకున్న తరువాతి కొలతా? కుదురుకున్న తరువాతి మందమేనని స్పష్టంగా రాశాము. ఆ ఒక్క మాట చేరడంతో తెప్పించవలసిన మట్టి పరిమాణం పెరిగింది, దానితో పాటు మా కొటేషన్ కూడా మారింది.

‘బెడ్ (మొక్కలు నాటే మడి) నిండుగా మొక్కలు’ అనేది ఇంకా ప్రమాదకరమైన మాట. మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్ల దూరం పెడితే చదరపు మీటరుకు సుమారు 11 మొక్కలు పడతాయి. 45 సెంటీమీటర్లు పెడితే 5 మాత్రమే. 20 చదరపు మీటర్ల బెడ్‌లో ఆ తేడా 120 మొక్కలు దాటుతుంది. పైగా దూరంగా నాటిన బెడ్ మొదటి నెలల్లో ఖాళీగా కనిపించినా, మొక్క పూర్తిగా విస్తరించే వెడల్పును బట్టి చూస్తే చాలాసార్లు అదే సరైన దూరం. ఆ సంగతి క్లయింటుకు సంతకానికి ముందే తెలియాలి. అందుకే జాబితాలో సంఖ్యతో పాటు నాటే దూరాన్ని, ఎదిగిన తరువాతి అంచనా వెడల్పును కూడా చేర్చాము.

మొక్కల పేర్లను శాస్త్రీయ నామాలతో రాస్తున్నాము. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753 నుంచి స్థిరపరచిన రెండు పదాల పద్ధతి ఒప్పంద పత్రాలకు ఎంతో మేలు చేస్తుంది. స్టార్ జాస్మిన్ అని నర్సరీలలో అమ్మే తీగ మల్లె జాతిదే కాదు. దాని పేరు ట్రకెలోస్పెర్మమ్ జాస్మినాయిడిస్. వాడుక పేరు పక్కనే శాస్త్రీయ నామం ఉంటే ఒక మొక్క అనుకున్న చోట మరొకటి వచ్చే అవకాశం పోతుంది.

చెట్ల పరిమాణం దగ్గర కొలిచే పద్ధతిని కూడా రాయవలసి వచ్చింది. ఉత్తర అమెరికా నర్సరీ ప్రమాణాల ప్రకారం కాండం వ్యాసాన్ని, చిన్న చెట్లకు నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులోనూ, వ్యాసం 10 సెంటీమీటర్లు దాటిన వాటికి 30 సెంటీమీటర్ల ఎత్తులోనూ కొలుస్తారు. యూరప్ నర్సరీలు కాండం చుట్టుకొలతను నేల నుంచి ఒక మీటరు ఎత్తులో చూస్తాయి. చుట్టుకొలత 20 సెంటీమీటర్లున్న చెట్టుకు వ్యాసం 6.4 సెంటీమీటర్లే. ‘20 సెంటీమీటర్ల చెట్టు’ అని మాత్రమే రాసి వదిలేస్తే ఎవరి మనసులో ఏ చెట్టు ఉందో చెప్పలేము. చుట్టుకొలతా వ్యాసమా, ఎంత ఎత్తులో కొలిచినది, కుండీలో పెరిగినదా నేలలోంచి తవ్వి తీసినదా అనే వివరాలకు పట్టికలో వేరువేరు గడులు పెట్టాము.

కోరిన మొక్క దొరకనప్పుడు దాని బదులు మరొకటి పెట్టే హక్కు మాకే ఉండాలని నా భాగస్వామి అన్నారు. నేను ఒప్పుకోలేదు. రంగు, ఎత్తు, ఎండ అవసరం దగ్గరగా ఉన్న మొక్కను మేము సూచిస్తాము, క్లయింటు లిఖితపూర్వకంగా అంగీకరించాకే తెస్తాము అని రాసుకున్నాము. తోటలో రోజూ తిరిగేది వారే.

చివరగా ‘ధరలో చేరనివి’ అని ఒక విభాగం: ప్రహరీ మరమ్మతు, విద్యుత్తు పని, అనుమతుల రుసుములు, పాత చెట్ల మొద్దులు పెకలించడం, స్థలం సరిహద్దుల సర్వే. సరిహద్దులు చూపించే బాధ్యత క్లయింటుదని విడిగా రాశాము.

శుక్రవారం

నేల కింద ఏముందో ఎవరికీ పూర్తిగా తెలియదు. తోటపనిలో ధరను తలకిందులు చేసే అంశం ఇదే కనుక ఈ నిబంధన మీద ఎక్కువ సమయం గడిపాము.

తవ్వే ముందు నీటి, మురుగునీటి, విద్యుత్తు, గ్యాస్, కేబుల్ లైన్లను గుర్తించడానికి ఆయా సంస్థలకు తెలియజేసి గుర్తులు పెట్టించే పని మేము తీసుకుంటాము. ప్రైవేటుగా వేయించుకున్న లైన్లు, అంటే తోటలో దీపాలకు వేసిన తీగలు, పాత స్ప్రింక్లర్ పైపులు, సెప్టిక్ ట్యాంకు గొట్టాలు సాధారణంగా ఆ సంస్థల రికార్డులలో ఉండవు. వాటి గురించి తెలిసినదంతా చెప్పడం క్లయింటు బాధ్యత. గుర్తు పెట్టిన లైనును, లేదా మాకు చెప్పిన లైనును తెంపితే ఖర్చు మాది. ఎవరూ చెప్పనిది, ఏ గుర్తూ లేనిది తెగితే ఖర్చు క్లయింటుది. గుర్తు పెట్టిన లైనుకు దగ్గరలో యంత్రం వాడకుండా చేతితోనే తవ్వుతామని కూడా హామీ ఇచ్చాము. మా జాగ్రత్త ఇంత స్పష్టంగా పత్రంలో కనబడితేనే రెండో సగాన్ని క్లయింటు న్యాయంగా భావిస్తారు.

బండరాయి, పూడ్చిన భవన శిథిలాలు, ఊట నీరు, రసాయనాలతో చెడిన మట్టి బయటపడినప్పుడు అనుసరించవలసిన క్రమాన్ని వేరుగా రాశాము. ఆ చోట పని ఆపుతాము, ఫొటో తీస్తాము, అదే రోజు రాతపూర్వకంగా తెలియజేస్తాము, తొలగించడానికి అయ్యే ఖర్చునూ పట్టే సమయాన్నీ చెబుతాము. క్లయింటు ఒప్పుకోవచ్చు, నక్షా మార్చమనవచ్చు, ఆ భాగాన్ని వదిలేయమనవచ్చు. అప్పటికప్పుడు ధర తేల్చుకోవలసి వస్తే ఇద్దరికీ ఇబ్బందే కాబట్టి రాయి తొలగింపుకు ఘనపు మీటరు లెక్కన, అదనపు కూలీకి గంట లెక్కన యూనిట్ రేట్లను పని పత్రంలోనే ముందుగా నింపుతాము. గొయ్యి ముందు నిలబడి బేరమాడే పరిస్థితి రాకూడదని నా కోరిక.

ఆదివారం

మార్పుల గురించి రాశాను. పని నడుస్తుండగా క్లయింటుకు కొత్త ఆలోచనలు రావడం సహజం. కాగితం మీద కనిపించని సంగతులు నేల మీద కనబడతాయి. మార్పును అడ్డుకోవడం ఈ నిబంధన ఉద్దేశం కాదు, దాన్ని నమోదు చేయడమే ఉద్దేశం.

ఒకే పేజీలో మార్పు పత్రం తయారుచేశాము. ఏం మారుతోంది, ధర ఎంత పెరుగుతుంది లేదా తగ్గుతుంది, గడువు ఎన్ని పనిదినాలు జరుగుతుంది, మొక్కల హామీపై ప్రభావం ఉందా అనే నాలుగు గడులు, కింద ఇద్దరి సంతకాలు. సంతకం లేనిదే మార్పు మొదలు కాదు. పని స్థలంలో మేస్త్రీతోనో కూలీతోనో నోటిమాటగా చెప్పినది మార్పుగా లెక్కకు రాదని కూడా స్పష్టం చేశాము. కూలీలు అటు యజమాని మాట కాదనలేక, ఇటు మా మాట దాటలేక నలిగిపోయే స్థితి ఈ వాక్యంతో తప్పుతుంది. చేసిన పని వారి చేతనే మళ్ళీ తీయించడం కంటే వారికి ఈ రక్షణ ఇవ్వడమే గౌరవం.

ఇక్కడ ఇంటి తరఫున ఎవరి మాట చెల్లుతుందో కూడా రాయాలి. పని పత్రంలో క్లయింటు ప్రతినిధి అని ఒకే పేరు ఉంటుంది.

మంగళవారం

చెల్లింపులు. తేదీల ప్రకారం వాయిదాలు పెట్టడం తేలిక గానీ, పని ముందుకు సాగినా సాగకపోయినా తేదీ వచ్చేస్తుంది. కంటికి కనబడే దశలకు చెల్లింపులను ముడిపెట్టాము: సంతకం రోజున 30 శాతం, తవ్వకం, నడకదారులు, పైపుల పని ముగిసినప్పుడు 35 శాతం, మొక్కలు, లాన్ పూర్తయినప్పుడు 25 శాతం, లోపాల జాబితా సరిచేసిన తరువాత మిగిలిన 10 శాతం. పెద్ద చెట్లు ఎక్కువగా ఉన్న పనిలో ఈ నిష్పత్తులు సరిపోవు; నర్సరీకి ముందే పెద్ద మొత్తం కట్టవలసి వస్తుంది కనుక అటువంటి చోట చెట్ల కొనుగోలును విడి దశగా చూపిస్తాము.

అడ్వాన్సు దేనికో రాయడం అవసరమనిపించింది. ఆ డబ్బుతో ఆ తోటకు కావలసిన సామగ్రిని కేటాయిస్తామని, పని మొదలుకాకముందే ఒప్పందం రద్దయితే అప్పటికే ఆర్డరు చేసినవాటి ఖర్చు, నక్షా రుసుము మినహాయించి మిగిలినది తిరిగి ఇస్తామని చేర్చాము. వాయిదా అందకపోతే రాతపూర్వక నోటీసు ఇచ్చి, అందులోని గడువు దాటాక పని నిలిపే హక్కు మాకు ఉంటుంది. నిలిపిన రోజుల్లో నాటిన మొక్కలకు నీరు ఎవరు పోయాలి? చదివిన నమూనాలలో ఎక్కడా ఈ ప్రశ్న కనబడలేదు. ఇటుకలయితే నెల రోజులు ఎదురుచూస్తాయి, మొక్కలు చూడవు. పని నిలిపిన రోజు నుంచి నీటి బాధ్యత క్లయింటుదని, ఆ సంగతి నోటీసులోనే ప్రత్యేకంగా చెబుతామని రాశాము.

గురువారం

మొక్కల హామీని రాయడానికి మిగిలిన అన్ని నిబంధనలకంటే ఎక్కువ శ్రమ పడవలసి వచ్చింది. హామీ ఇవ్వకపోతే క్లయింటుకు నమ్మకం కుదరదు, షరతులు లేకుండా ఇస్తే సంస్థ నిలవదు. మధ్యలో ఎక్కడ గీత గీయాలో తెలియాలంటే కొత్తగా నాటిన మొక్క ఎందుకు చనిపోతుందో చూడాలి.

మా చేతిలో ఉన్న కారణాలు మొదట. కాండం వేర్లుగా విచ్చుకునే చోటు మట్టిలో కూరుకుపోయేలా లోతుగా నాటడం, కుండీలో చుట్టలు తిరిగిన వేర్లను సరిచేయకపోవడం, గొయ్యి ఇరుకుగా తవ్వడం, మల్చ్‌ను, అంటే నేల మీద పరిచే బెరడు ముక్కలు, ఎండుటాకుల వంటి పొరను, కాండానికి ఆనించి కుప్పగా పోయడం, నీరు ఇంకని చోట నాటడం. ఇవి జరిగితే తప్పు నాటినవారిదే. కాబట్టి మా పని పద్ధతిని ఒప్పందంలోనే రాశాము: గొయ్యి వెడల్పు వేర్ల మట్టిగడ్డకు రెండు నుంచి మూడు రెట్లు, లోతు మట్టిగడ్డ ఎత్తును మించకుండా, మల్చ్ 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన, కాండానికి తగలకుండా. క్లయింటు కావాలంటే టేపు పట్టి కొలుచుకోవచ్చు. ఇలా రాస్తే మన చేతులు మనమే కట్టుకున్నట్టని భాగస్వామి సందేహించారు. మనం ఎలాగూ చేసే పనే అయినప్పుడు రాయడానికి వెనకాడనవసరం లేదని నేను అన్నాను.

మా చేతిలో లేని కారణాలు తరువాత. వీటిలో నీటిదే మొదటి స్థానం. తవ్వి తెచ్చిన చెట్టు తన వేర్లలో పెద్ద భాగాన్ని పాత నేలలోనే వదిలి వస్తుంది. కుండీ మొక్క వేర్లు ఆ కుండీ ఆకారంలోనే ఉంటాయి. చుట్టూ ఉన్న నేల తడిగా ఉన్నా, వేర్ల మట్టిగడ్డ ఎండిపోతే మొక్కకు నీరు అందనట్టే. నాటిన తొలి కాలంలో నీరు పాదులోకి, నేరుగా మట్టిగడ్డ మీదికి అందాలి. తక్కువైనా చస్తుంది, రోజంతా నిలిచినా వేర్లకు గాలి ఆడక చస్తుంది.

దీన్ని బట్టి రెండు రకాల హామీలు ఏర్పరచాము. అప్పగింత తరువాత సంరక్షణ కూడా మాకే ఇస్తే చెట్లకు, పొదలకు ఏడాది పాటు పూర్తి హామీ ఉంటుంది. సంరక్షణ క్లయింటు చేసుకుంటే తక్కువ కాలానికి, నీటి పట్టిక పాటించాలన్న షరతుతో హామీ ఉంటుంది. ఆ పట్టికను అప్పగింత రోజున మేమే ఇస్తాము: ఏ మొక్కకు, ఎన్ని రోజులకు ఒకసారి, ఎంత సేపు, వాన పడితే ఏం చేయాలి, వేలు మట్టిలోకి దించి తడి ఎలా చూడాలి. పట్టిక ఇవ్వకుండా షరతు మాత్రం పెట్టడం అన్యాయమని నా అభిప్రాయం. పట్టిక అందినట్టు సంతకం లేకపోతే షరతు వర్తించదని మాకు వ్యతిరేకంగానే ఒక వాక్యం రాసి ఉంచాను.

చనిపోయినట్టు తేల్చేది ఎలా? ఆకు రాల్చే జాతులు సుప్తావస్థలో మోడులా ఉంటాయి. కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీరితే లోపల పచ్చగా ఉన్నంతవరకు ఆ కొమ్మ బతికే ఉంది. అందువల్ల తీర్పు చెప్పడానికి ఇద్దరూ కలిసి తనిఖీ చేసే సమయాన్ని చిగురించే కాలంలో పెట్టాము. చెట్టు పైభాగంలో ఎంత మేర ఎండితే చనిపోయినట్టు లెక్క అనే ప్రశ్నకు సగానికి పైన అని రాసుకున్నాము; కాండం కొస చచ్చి చెట్టు ఆకారం చెడితే, మిగతా భాగం పచ్చగా ఉన్నా మారుస్తాము.

మార్పిడి ఒక్కసారే ఉంటుంది, నాటిన రోజున ఉన్న పరిమాణంలోనే ఉంటుంది. ఏడాదిలో ఎదిగిన పరిమాణం రాదని చెప్పకపోతే క్లయింటు దాన్ని ఆశించడంలో తప్పు లేదు. జంతువులు, వరద, వడగండ్లు, ఇతరులు చల్లిన కలుపుమందు, ఆపేసిన డ్రిప్ టైమరు వల్ల కలిగిన నష్టం హామీలోకి రాదు. సీజన్ పూల మొక్కలకు అప్పగింతతోనే హామీ ముగుస్తుంది. క్లయింటు తోటలోనే ఒకచోటి నుంచి మరోచోటికి మార్చిన పాత మొక్కలకు జాగ్రత్త వహిస్తాము గానీ, బతుకుతాయని మాట ఇవ్వలేము.

లాన్‌కు వేరే కొలబద్ద కావలసి వచ్చింది. పరచిన గడ్డి పలకను మూలన పట్టి మెల్లగా లాగినప్పుడు లేచి రాకపోతే అది వేరూనినట్టు. విత్తనంతో వేసిన లాన్ అయితే చదరపు మీటరు చట్రం పెట్టి, ఖాళీ మచ్చలు పది శాతానికి మించకూడదని రాశాము.

శనివారం

గడువును క్యాలెండరు తేదీగా రాయకుండా పనిదినాలుగా రాశాము. వాన కురుస్తున్న రోజులతో పాటు, వాన ఆగిన తరువాత నేల తడి ఆరే రోజులను కూడా మినహాయించాము. తడి మట్టిని తవ్వినా, దాని మీద యంత్రం నడిపినా మట్టి గట్టిపడి, గాలి, నీరు చొరని స్థితికి చేరుతుంది. అది ఆ తోటకు ఏళ్ళ తరబడి నష్టం. క్లయింటు కిటికీలోంచి చూసి, ఎండ కాస్తోంది కదా పనివాళ్ళు ఎందుకు రాలేదని అడిగే రోజు తప్పకుండా వస్తుంది కనుక ఈ కారణాన్ని నిబంధనలోనే ఒక వాక్యంలో వివరించాము.

ఎవరి చేతిలోనూ లేని విపత్తులకు మినహాయింపు ఇచ్చే భావన 1804 నాటి ఫ్రెంచి పౌర స్మృతిలోనే ఉంది. అక్కడి నుంచి వచ్చిన ఫోర్స్ మజూర్ అనే మాట ఈనాటికీ ఒప్పందాలలో నిలిచింది. మామూలు వానను ఆ కోవలో వేయకూడదని నా పట్టుదల. వాన ముందుగా ఊహించదగినదే, దానికి పనిదినాల లెక్క చాలు. వరద, తుపాను, రవాణా నిషేధం వంటివే ఇందులోకి వస్తాయి.

ఆలస్యానికి పరిహారం గురించి ఆలోచిస్తున్నప్పుడు 1854 నాటి హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ అనే ఇంగ్లండు తీర్పు ఎంతో ఉపయోగపడింది. మిల్లులో విరిగిన ఇరుసును కొత్తది చేయించడానికి నమూనాగా పంపించారు, రవాణాదారు ఆలస్యం చేశాడు, మిల్లు మరికొన్ని రోజులు ఆగిపోయి లాభం పోయింది. ఆ ఇరుసు లేక మిల్లు నిలిచిపోతుందనే ప్రత్యేక పరిస్థితి ఒప్పందం నాటికి రవాణాదారుకు తెలిసినట్టు తేలనందున, పోయిన లాభానికి అతను బాధ్యుడు కాడని న్యాయస్థానం చెప్పింది. తోటకు దీన్ని అన్వయించుకుని పని పత్రంలో ఒక ప్రశ్న చేర్చాము: ‘ఈ తోట ఫలానా తేదీకి సిద్ధం కావలసిన ప్రత్యేక కారణం ఏమైనా ఉందా?’ ఇంట్లో వేడుక ఉందని వారు రాస్తే ఆ బాధ్యత మాకు తెలిసినట్టే. అప్పుడు అంగీకరించగలమో లేదో సంతకానికి ముందే చెబుతాము. ఆలస్యానికి రోజుకు ఇంత అని రాసే మొత్తం క్లయింటుకు నిజంగా కలగగల నష్టానికి దగ్గరగా ఉండాలి, శిక్షలా ఉండకూడదు. శిక్షగా కనిపించే మొత్తాన్ని న్యాయస్థానాలు తగ్గించడమో కొట్టివేయడమో చాలాచోట్ల జరుగుతుంది.

సోమవారం

మిగిలిన నిబంధనలు వరుసగా పూర్తయ్యాయి. మేమూ క్లయింటూ కాని మూడో పక్షానికి కలిగే నష్టానికి బీమా మేము తీసుకుని, దాని ప్రతిని పని ప్రారంభానికి ముందే ఇస్తాము. నీరు, విద్యుత్తు, గేటు తాళం, సామాన్లు దించే చోటు క్లయింటు సమకూర్చాలి. నక్షా హక్కులు మావి; రుసుము చెల్లించిన తరువాత ఆ స్థలంలో వాడుకునే హక్కు క్లయింటుది. తోట ఫొటోలను మా ప్రచారానికి వాడుకోవడానికి అనుమతిని విడి గడిలో అడుగుతున్నాము, ఒప్పుకోకపోయినా పనికి ఇబ్బంది లేదు. వివాదం వస్తే ముందు ఇద్దరూ స్థలంలో కలిసి మాట్లాడుకోవడం, తరువాత మధ్యవర్తి, ఆ తరువాతే న్యాయస్థానం.

‘పని పూర్తి’ అనే మాటకు నిర్వచనం రాయడానికి మాత్రం కొంత సమయం పట్టింది. నక్షాలో ఉన్నవన్నీ అమరి, నడకదారుల మీద నీరు పోసినప్పుడు ఎక్కడా నిలవకుండా, అంటే మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున ఇచ్చిన వాటం పనిచేస్తూ, ప్రతి డ్రిప్ లైను చివరి వరకు నీరు అందుతున్నట్టు ఇద్దరూ చూసిన రోజే పని పూర్తయిన రోజు. చిన్న లోపాలు మిగిలితే వాటిని జాబితాగా రాసి గడువు పెడతాము. హామీ కాలం, నీటి బాధ్యత, మూడో వాయిదా అన్నీ ఆ రోజు నుంచే లెక్క కనుక ఆ తేదీ మీద విడిగా సంతకాలు ఉండాలి.

బుధవారం

ముసాయిదాను తోటపనితో సంబంధం లేని ఒక బంధువుకు ఇచ్చి, చదివి తన మాటల్లో తిరిగి చెప్పమన్నాను. వారు ఆగిన చోట్లన్నీ గుర్తించాము. హామీ భాగంలో ‘సంరక్షణ’ అంటే ఏమిటని అడిగారు. కలుపు తీత, కత్తిరింపు, ఎరువు, చీడపీడల పరిశీలన, నీటి వ్యవస్థ తనిఖీ అని విడదీసి రాశాము. రద్దు నిబంధనలో క్లయింటు మధ్యలో మానుకుంటే ఏమవుతుందో ఉంది గానీ, మేము మానుకుంటే ఏమవుతుందో వెతికినా దొరకలేదన్నారు. అది న్యాయమైన ప్రశ్న. మా వైపు నుంచి రద్దయితే అప్పటికి జరిగిన పనికి మాత్రమే డబ్బు తీసుకుంటామని, తవ్విన గోతులు పూడ్చి, స్థలాన్ని సురక్షితంగా వదులుతామని, కొన్న మొక్కల రసీదులు అప్పగిస్తామని చేర్చాము.

ఆ తరువాత ప్రతి వాక్యంలోనూ ‘తగిన’, ‘సరైన’, ‘త్వరలో’ వంటి మాటలను వెతికి, వాటి స్థానంలో కొలతనో తేదీనో పనిదినాల సంఖ్యనో పెట్టాము. కొలవలేని చోట ఎవరు నిర్ణయిస్తారో రాశాము.

శుక్రవారం

ఒప్పందాల పని చేసే న్యాయవాదికి ముసాయిదా చూపించాము. సంతకం తరువాత క్లయింటు మనసు మార్చుకునే వ్యవధి, పన్నులు, లైసెన్సు నంబరు, చెట్టు కొట్టడానికి అనుమతులు, వడ్డీ పరిమితి వంటివి చోటును బట్టి మారే చట్టాలకు లోబడినవి కనుక వాటిని ప్రధాన పాఠం నుంచి తీసి, వేరే అనుబంధంలో పెట్టమన్నారు. మంచి సలహా, చట్టం మారినప్పుడు ఒక పేజీ మారిస్తే చాలు. చట్టం క్లయింటుకు ఇచ్చిన హక్కును మా పత్రంలోని ఏ వాక్యమూ తగ్గించదని ఒక వాక్యం చేర్పించారు.

ఎలక్ట్రానిక్ సంతకం చెల్లుబాటు గురించి కూడా అడిగాను. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్ట సంఘం 2001లో దీనికి ఒక నమూనా చట్టాన్ని ఆమోదించింది. ఈరోజు చాలా దేశాల చట్టాలు మామూలు వ్యాపార ఒప్పందాలకు ఎలక్ట్రానిక్ సంతకాన్ని అంగీకరిస్తున్నాయి. ప్రధాన పత్రానికి కాగితం మీద సంతకాలు, మార్పు పత్రాలకు ఫోన్‌లో సంతకం అని నిర్ణయించుకున్నాము. పని స్థలంలో మార్పు పత్రం ఆలస్యమైతే దాన్ని నింపకుండా దాటవేయాలనిపిస్తుంది.

తరువాతి మంగళవారం

తొలి ఒప్పందం సంతకమైంది. చిన్న తోట: నడకదారి, లాన్, రెండు బెడ్లు, కొన్ని చెట్లు. క్లయింటుతో కూర్చుని పని పత్రాన్ని వరుసగా చదివాము. ధరలో చేరనివాటి జాబితా దగ్గర ఆమె ఎక్కువసేపు ఆగి, పాత చెట్టు మొద్దును చూపించి దాన్ని కూడా చేర్చమన్నారు. ధర చెప్పాము, ఒప్పుకున్నారు, పని పత్రం మీదే ఆ వరుస మార్చి ఇద్దరం పొట్టి సంతకాలు చేశాము. హామీల తేడా వివరించాక సంరక్షణ తానే చేసుకుంటానన్నారు. అయితే నీటి పట్టికను అప్పగింత రోజు దాకా ఆపకుండా ముందే ఇస్తే ఇంట్లో అందరికీ అలవాటు చేస్తానని అడిగారు. ఆ సూచన బాగుంది. ఇకపై నీటి పట్టిక ముసాయిదాను పని పత్రానికే జతచేసి, అప్పగింత రోజున తుది ప్రతిని ఇస్తాము.

గురువారం

తవ్వకం మొదలైంది. లాన్ అంచున ఏ గుర్తూ లేని, నీరు లేని పాత పైపు బయటపడింది. నిబంధన ప్రకారం అక్కడ పని ఆపి, ఫొటోతో సహా తెలియజేశాము. అది ఎప్పుడో వదిలేసిన స్ప్రింక్లర్ పైపని ఆమె ధ్రువీకరించి, తొలగించమన్నారు. యూనిట్ రేటు ముందే పత్రంలో ఉంది కనుక మార్పు పత్రం ఫోన్‌లోనే పూర్తయింది, మధ్యాహ్నానికి పని తిరిగి మొదలైంది. పైపు తీసిన కందకాన్ని పొరలు పొరలుగా మట్టి పోసి, దిమ్మిస కొట్టి పూడ్చాలని, లేకపోతే లాన్ ఆ గీత వెంబడి కుంగుతుందని మేస్త్రీ గుర్తు చేశారు. పూడ్చే పద్ధతి మా పత్రంలో లేదు. సాధారణ నిబంధనల తరువాతి ప్రతిలో దాన్ని, పొర మందంతో సహా, చేర్చుతున్నాము. సంరక్షణ ఒప్పందం ముసాయిదా వచ్చే వారం మొదలవుతుంది.